కొత్తగా వచ్చారా? ముందు ఏం వింటారో చెప్పండి

ఓపెన్‌బ్యాక్ (మోడరేటర్, విజయవాడ సత్యనారాయణపురం)

మన హెడ్‌ఫోన్ల ఫోరమ్‌లో పాత పరిచయాల థ్రెడ్ చాంతాడంత అయింది కాబట్టి ఇది కొత్తది. విజయవాడ, గుంటూరు, మధ్యలో మంగళగిరి, తాడేపల్లి వాళ్ళంతా ఇక్కడే పరిచయం చేసుకోండి.

ఒక్కటే మనవి. "బడ్జెట్ ఇంత, ఏది బెస్ట్?" అని మొదలుపెట్టకండి. ఏం వింటారు, ఎక్కడ కూర్చుని వింటారు, ఇంతకు ముందు ఏది వాడి ఎందుకు విసిగిపోయారు, ఈ మూడు ముక్కలూ రాయండి. బెజవాడలో మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చునే మనిషికి ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ (వెనక మూత లేకుండా బయటి శబ్దం లోపలికొచ్చేది) చెప్పామనుకోండి, సగం పాట వింటాడు, సగం ఫ్యాను వింటాడు. నా పేరు చూసి నవ్వకండి. ఆ తప్పు చేసినవాడిని నేనే.

నా సంగతి: సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో మొదటిసారి వచ్చిన మోడల్, నేను మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చలికాలం మూడు నెలలూ స్వర్గం. మిగతా తొమ్మిది నెలలూ కిటికీలు మూసి, ఫ్యాను కట్టేసి, బనీను తడిసిపోతుండగా వింటాను. ఇంకో గోల కూడా ఉంది. ల్యాప్‌టాప్‌లోని డిజిటల్ పాటని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చేలా మార్చే నా డాక్ అనే డబ్బాలోంచి రెండేళ్లుగా సన్నగా బుయ్‌మని హమ్ వస్తోంది. యూఎస్‌బీ కేబుళ్ళు మూడు మార్చాను. దాన్ని పోగొట్టినవాళ్ళకి బాబాయ్ హోటల్లో వెన్న ఇడ్లీ నా ఖర్చు.


హాస్టల్_212 (గుంటూరు)

అన్నలూ, నమస్తే. రూల్ చదివాను. కానీ బడ్జెట్ 2000 అన్నది నిజం, దాచి ఏం లాభం.

ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఫోన్ లేదు, పాట లేదు. స్టడీ అవర్‌లో పక్కవాడు హమ్మింగ్ చేస్తే అదే కచేరీ. ఇప్పుడు బీటెక్ ఫస్టియర్. చేరగానే లైట్లు వెలిగే 7.1 గేమింగ్ హెడ్‌సెట్ కొన్నాను. ఎనిమిది నెలలకే చెవుల దగ్గర నల్ల తోలు పొట్టులా రాలడం మొదలైంది. క్లాసుకి వెళ్తే "చెవిలో బొగ్గు వేసుకొచ్చావేంట్రా" అంటున్నారు. దానికి తోడు ప్లగ్ దగ్గర వైరు తెగింది, వంచి పట్టుకుంటేనే ఎడమ వైపు పలుకుతుంది.

వినేది రెహమాన్, ఇళయరాజా, కొంచెం కొరియన్ పాటలు. రూములో నలుగురం ఉంటాం, ఫ్యాను కిర్రుకిర్రుమంటుంది. ఒకడు నిద్రలో మాట్లాడతాడు.


బ్రాడీపేట_4వలైన్ (గుంటూరు)

రా తమ్ముడూ. ముందు చేదు మాట చెబుతాను. నీ హెడ్‌సెట్‌లో ఏడు స్పీకర్లు ఉండవు. చాలావరకు చెవికొకటి చొప్పున రెండే డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్లు, ఉంటాయి, మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చేసే గారడీ. ఆటలో అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియడానికి పనికొస్తుందేమో గానీ, పాటకి పెడితే గాయకుడు బాత్‌రూములో పాడుతున్నట్టే ఉంటుంది. అది ఆపేసి మామూలు స్టీరియోలో పెట్టి ఒకసారి విను.

పొట్టు రాలడం నీ తప్పు కాదు. అది తోలు కాదు, గుడ్డ మీద పూసిన పాలీయురేథేన్. గాలిలో తేమకీ చెమటకీ ఆ పూత విడిపోతుంది. కృష్ణా గుంటూరు ఉక్కపోతలో ఇంకా తొందరగా విడిపోతుంది. అందుకే నేను వెల్వెట్ ప్యాడ్లు ఉన్నవే కొంటాను. బాస్ కొంచెం తగ్గుతుంది, చెవి మాత్రం బతికిపోతుంది.

నలుగురున్న రూము, రెండు వేలు అంటున్నావు కాబట్టి హెడ్‌ఫోన్ జోలికి పోకు. వైరున్న ఐఈఎం తీసుకో, చెవి లోపలికి దిగేది. మూన్‌డ్రాప్ చూ, సెవెన్‌హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో లాంటివి నీ డబ్బులకి అటూ ఇటూగా దొరుకుతాయి. పదేళ్ల కిందట ఆ ధరకి ఇలాంటి శబ్దం ఊహించలేదు మేము. నీ ఫోనుకి 3.5 ఎంఎం జాక్ ఉందా లేదా చూసుకో. లేకపోతే టైప్-సీ డాంగిల్ ఒకటి కలుపుకోవాలి.

నేను లెక్కల మనిషిని, గ్రాఫ్ లేనిదే నమ్మను. ఆ పరిచయం చాలు.


హాస్టల్_212

జాక్ ఉంది అన్నా. థాంక్యూ. మరి ఆ తెగిన వైరు సంగతి? అమ్మకి తెలిస్తే "కొత్తది ఎందుకు, అది బాగు చేయించుకో" అంటుంది.


పాత_ట్రాన్సిస్టర్ (విజయవాడ వన్‌టౌన్)

అందరికీ నమస్కారం. నేనూ ప్రకాశం బ్యారేజీ ఒకే ఏడాది వాళ్ళం, 1957. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ మీరు రాసుకునే మాటల్లో సగం నాకు అర్థం కావు. తప్పుంటే మన్నించండి.

మోడరేటర్ గారు ఏం వింటారో చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో వాల్వు రేడియో ఉండేది. స్విచ్ వేశాక అది వేడెక్కి పలకడానికి అర నిమిషం పట్టేది, ఆ అర నిమిషం పిల్లలమంతా నోరెత్తకూడదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నాకు ఊహ తెలిసేసరికి ఊరికి గడియారం అదే. పొద్దున్నే భక్తిరంజని వస్తుంటే మా అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లేది. ముగ్గు అయ్యేలోపు కీర్తన అయిపోతే "ఇవాళ ఆలస్యమైపోయింది" అనేది. బాలమురళీకృష్ణ గారు ఈ కేంద్రంలో పనిచేశారు, ఇక్కడి సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు కూడా ఆయనే. ఆ గొంతు రేడియోలోనే నా చెవికి అలవాటు. 837 కిలోహెర్ట్జ్ అన్న అంకె నా ఇంటి నంబరు కన్నా బాగా గుర్తు.

ఇప్పుడు మా అబ్బాయి విదేశం నుంచి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ పంపించాడు. పెట్టుకుంటే ఫ్యాను మాయం, వీధిలో ఆటోలు మాయం. బాగుంది. కానీ కుక్కర్ విజిల్ మాత్రం నిక్షేపంగా వినిపిస్తుంది, మా ఆవిడ పిలుపు కూడా. (రెండోది వినిపించలేదని బుకాయిద్దామని చూశాను గానీ కుదరలేదు.) ఇది యంత్రం లోపమా?

రెండో సందేహం. ఘంటసాల గారి పాత పాటలు పెడితే గొంతు రెండు చెవుల్లోనూ కాకుండా సరిగ్గా నడినెత్తిన కూర్చున్నట్టు ఉంటుంది. ఇదేం మాయ?


బ్రాడీపేట_4వలైన్

మాస్టారూ, మీలాంటివాళ్ళు వస్తారనే ఈ థ్రెడ్ కనిపెట్టుకుని ఉంటాను.

కుక్కర్ సంగతి ముందు. హెడ్‌ఫోన్ బయట చిన్న మైకులుంటాయి. బయటి శబ్దాన్ని అవి పట్టుకుంటే, లోపలి సర్క్యూట్ దానికి తిరగేసిన అలని తయారుచేసి చెవిలోకి వదులుతుంది. రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఫ్యాను, బస్సు ఇంజను లాంటి మందర శబ్దాల అలలు పొడుగ్గా ఉంటాయి, ఒకే తీరుగా వస్తుంటాయి, కాబట్టి లెక్క కుదురుతుంది. విజిల్, మనిషి గొంతు పైస్థాయివి. అలలు పొట్టివి. వాటిలో ఇసుమంత ఆలస్యం జరిగినా లెక్క తప్పుతుంది, కాబట్టి అక్కడ మెషీన్ చేతులెత్తేస్తుంది. ఆ పైవాటిని ఆపాల్సింది చెవి చుట్టూ బిగిసే ప్యాడే. యంత్రం లోపమేమీ లేదు, నిశ్చింతగా ఉండండి.

ఇంకో ముచ్చట. ఈ పనిని విమానాల దగ్గర పట్టాలెక్కించినవాడు అమర్ బోస్, బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టినవాడు. 1978లో విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంజను రొదకి పాట వినిపించక, అక్కడే కాగితం మీద లెక్కలు మొదలుపెట్టాడట. పైలట్ల హెడ్‌సెట్‌గా అమ్మకానికి వచ్చేసరికి 1989. అంటే పదకొండేళ్లు పట్టింది. మనం మూడు కేబుళ్ళకే విసుక్కుంటాం (ఓపెన్‌బ్యాక్, నీకే).

రెండోది. ఆ పాటలు మోనో మాస్టారూ, ఒకే ఛానెల్. కుడికీ ఎడమకీ అచ్చు ఒకే శబ్దం పోతుంది కాబట్టి మెదడు దాన్ని రెంటికీ నడిమధ్యన కూర్చోబెడుతుంది. గదిలో స్పీకరైతే గొంతు ఎదురుగా ఉంటుంది, హెడ్‌ఫోన్‌లో తల లోపలికి వస్తుంది. మీ యంత్రం సరిగ్గా పనిచేస్తోందనడానికి అదే రుజువు. కుడి పక్కకి జరిగిందా, అప్పుడు నన్ను పిలవండి. ఆ పాటల్ని "స్టీరియో" చేశామని కొందరు ప్రతిధ్వని కలిపి పెడతారు. దయచేసి అవి వినకండి. కాఫీలో నీళ్ళు పోసి పెద్ద గ్లాసులో ఇచ్చినట్టు ఉంటుంది.


ప్యాసింజర్ (రోజూ గుంటూరు నుంచి విజయవాడ)

నేను మూడేళ్లుగా చదవడమే గానీ రాయలేదు. ట్రాన్సిస్టర్ గారి పోస్టు చూశాక రాయాలనిపించింది.

ఉద్యోగం గవర్నరుపేటలో, ఇల్లు గుంటూరులో. రైల్లో రానూపోనూ రోజుకి రెండు గంటలు పైనే చెవిలో పాట. ఏఎన్‌సీ, అంటే నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న ఇయర్‌బడ్స్ వాడతాను. ఆయన చెప్పిందే నా అనుభవం. చక్రాల రొద పోతుంది, సమోసాలవాడు పోడు. కృష్ణ మీద రైలు వంతెన ఎక్కినప్పుడు మాత్రం అన్నీ తీసేస్తాను. ఆ దడదడ వినకపోతే ఊరు వచ్చినట్టు ఉండదు.

పాటలు బ్లూటూత్ మీదే. "బ్లూటూత్‌లో వినేవాడు శ్రోతే కాదు" అని ఇక్కడ ఎవరో రాశారు పోయిన నెల. ఆ అన్నగారు ఒకసారి ఏడున్నర రైల్లో నిలబడి, వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎవరి సంచికీ చిక్కుకోకుండా విజయవాడలో దిగి చూపించాలి.


బ్రాడీపేట_4వలైన్

రాసింది నేనే. వెనక్కి తీసుకుంటున్నాను. ఆండ్రాయిడ్ 8 నుంచి ఎల్‌డాక్ (బ్లూటూత్ మీద పాటని ఎక్కువ వివరంతో పంపే పద్ధతి) ఫోన్లలోకి వచ్చింది, గరిష్ఠంగా 990 కేబీపీఎస్. రైలు రొదలో దానికీ వైరుకీ తేడా నేనూ పట్టలేను. రైలు దిగాక మాట్లాడుకుందాం.


నైట్‌డ్యూటీ (గుంటూరు కొత్తపేట)

హలో అండి. నర్సుని. పొద్దున డ్యూటీ దిగి ఇంటికెళ్ళాక ఓ ముప్పావు గంట వయొలిన్ కచేరీ వింటూ పడుకుంటాను, అదొక్కటే నా టైమ్. పదిహేను రోజుల కిందట ఐఈఎం కొన్నాను. అందరూ బాస్ బాగుందని రాశారు, నాకు మాత్రం మృదంగం తొప్పి (మందర శబ్దమిచ్చే ఎడమ ముఖం) వైపు అసలు వినపడటం లేదు. వలంతల (కుడి ముఖం) వైపు టకటకమంటుంది అంతే. అందులోనూ కుడి చెవిలో మరీ పల్చగా ఉంది. నకిలీది అంటగట్టారేమోనని టెన్షన్.


ఓపెన్‌బ్యాక్

నకిలీ కాకపోవచ్చండి. ఐఈఎంలో బాస్ అంతా చెవి గొట్టం ఎంత బిగుతుగా మూసుకుంటుందన్న దాని మీదే ఉంటుంది. సందు ఉంటే మొదట కారిపోయేది కింది స్థాయే. డబ్బాలో మూడు సైజుల సిలికాన్ టిప్స్ ఇస్తారు చూడండి, వచ్చినప్పుడు మధ్యది తగిలించి ఉంటుంది. చాలామంది అదే వదిలేస్తారు. మార్చి చూడండి. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని కూడా లేదు. పెట్టుకునేటప్పుడు ఇంకో చేత్తో చెవిని కొంచెం పైకీ వెనక్కీ లాగి పట్టుకుంటే సరిగ్గా దిగుతుంది.


నైట్‌డ్యూటీ

అయ్యబాబోయ్. ఎడమకి చిన్నది, కుడికి మధ్యదాన్నే కొంచెం లోపలికి నొక్కి పెట్టాను. తొప్పి వినపడింది! వినపడటం కాదు, తగిలింది. పిల్లలకి చెవిలో థర్మామీటరు పెట్టేటప్పుడు చెవి లాగాలని రోజూ తల్లులకి చెప్పేదాన్ని నేనే. నాకు తట్టలేదు చూడండి.


ఆటోనగర్_అడ్డా (విజయవాడ)

నమస్తే. లారీ బాడీ బిల్డింగ్ వర్క్. పద్నాలుగేళ్ల నుంచి అదే పని. చదువు తక్కువ, రాయడం ఫోన్లో మాట్లాడి రాయిస్తున్నా.

నాకు సౌండ్ ఎక్కువ వచ్చేది కావాలి. ఇప్పుడున్నది బీసెంట్ రోడ్డు మీద కొన్నది, మెడలో వేసుకునే బ్లూటూత్. ఫుల్ పెట్టినా చాలటం లేదు. షెడ్డులో గ్రైండర్లు, సుత్తి దెబ్బలు, పక్క షెడ్డులో కంప్రెసర్. రాత్రి ఇంటికెళ్తే చెవుల్లో కీచురాళ్ళు అరిచినట్టు ఉంటుంది, నిద్ర పట్టదు. అందుకే పాటలు పెట్టుకుని పడుకుంటా. రేటు ఎంతైనా పర్లేదు. గట్టిగా రావాలి.


హాస్టల్_212

అన్నా, మా సీనియర్ దగ్గర ఒకటుంది, బాస్ బూస్ట్ పెడితే తల అదిరిపోద్ది. పేరు కనుక్కుని చెబుతా


నైట్‌డ్యూటీ

తమ్ముడూ, ఆ పేరు చెప్పకు, ఆగు.

ఆటోనగర్ అన్నా, నేను డాక్టర్‌ని కాదు. కానీ ఈఎన్‌టీ ఓపీలో రెండేళ్లు చేశాను కాబట్టి చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి. ఆ కీచురాళ్ళని టిన్నిటస్ అంటారు. పెద్ద చప్పుళ్ళ మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. లోపలి చెవిలో సన్నటి నూగు లాంటి కణాలుంటాయి, దెబ్బ తింటే మళ్ళీ మొలవవు. ఫుల్ పెట్టినా చాలడం లేదంటే పాట తగ్గిందని కాదు, వినికిడే తగ్గి ఉండొచ్చు.

85 డెసిబెల్ రొదలో రోజుకి 8 గంటలకి మించి ఉండకూడదని ఒక లెక్క ఉంది. ప్రతి 3 డెసిబెల్‌కీ ఆ టైమ్ సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 100 అయితే 15 నిమిషాలే. రేకు మీద గ్రైండర్ పెడితే ఎంతొస్తుందో మీకే తెలుసు. దాని మీద పాట వినపడాలంటే దానికన్నా గట్టిగా పెట్టాలి కదా. అంటే షెడ్డు దెబ్బ ఒకటి, పాట దెబ్బ ఒకటి. హెడ్‌ఫోన్ వాడేవాళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబెల్‌లో.

కొనబోయే డబ్బుతో ముందు చెవులు పరీక్ష చేయించుకోండి. ఆడియోగ్రామ్ అంటారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టి, బీప్ వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. నొప్పి లేదు, సూది లేదు. పెద్దాసుపత్రి ఈఎన్‌టీ ఓపీకి పొద్దున్నే వెళ్ళండి.


ఆటోనగర్_అడ్డా

అక్కా భయపెడుతున్నారు. మా షెడ్డులో అందరికీ ఇంతే. మా మేస్త్రీకి ఇంకా ఎక్కువ, ఆయనతో మాట్లాడాలంటే భుజం తట్టాలి.


పాత_ట్రాన్సిస్టర్

బాబూ, నా మాట కూడా విను. సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ల పక్కన, ఆ తర్వాత డీజిల్ జనరేటర్ల పక్కన చాలాకాలం చేశాను. నా కుడి చెవి సగమే పనిచేస్తుంది. మా మనవరాలు ఫోన్లో మాట్లాడితే స, ష నాకు ఒకటే. పాప పేరే సరిగ్గా పలకలేదని అలుగుతుంది. నాకు అప్పట్లో చెప్పేవాళ్ళు లేరు. నీకు ఈ అమ్మాయి చెబుతోంది.


కోరస్_మైక్ (గుంటూరు పట్టాభిపురం)

చర్చిలో సౌండ్ చూసుకుంటాను, క్రిస్మస్ సీజన్‌లో ఊళ్ళు తిరుగుతాం. నాది బేయర్‌డైనమిక్ డీటీ 770 హెడ్‌ఫోన్, 80 ఓమ్‌ది. స్టేజి పక్కన నాకూ ఇదే సమస్య ఉండేది. అన్నా, నువ్వు షెడ్డులో పాట ఆపెయ్. ముందు ఇయర్‌మఫ్ కొనుక్కో, సేఫ్టీ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతాయి, మంచి హెడ్‌ఫోన్ కన్నా చవక. చెవి నిలబడితే పాట ఎక్కడికీ పోదు.

నా పరిచయం ఇంతే. టైమ్ లేదు, సౌండ్ చెక్‌కి పిలుస్తున్నారు.


ఆటోనగర్_అడ్డా

సరే. మంగళవారం సెలవు పెడతా.

హాస్టల్ తమ్ముడూ, నీ తెగిన వైరు నాకు పంపు. ఇక్కడ బేరం వద్దు, ఊరికే చేస్తా. నువ్వు చేయబోయావో ఏమో, ఒక్క మాట. ఆ లోపలి తీగలు రంగురంగులుగా మెరుస్తాయి చూడు, ఎరుపు, పచ్చ, రాగి. ఆ రంగు పూత, మోటారు వైండింగ్ వైరు లాంటిదే. అది ఉండగా సీసం (సోల్డర్) అంటదు. చాకుతో గీకితే వెంట్రుక లాంటి తీగ తెగుతుంది. బాగా కాగిన ఐరన్ మీద సీసం బొట్టు పెట్టుకుని, తీగ కొస అందులో ముంచి పట్టుకోవాలి. పూత పొగై పోతుంది, తీగ తెల్లబడుతుంది. అప్పుడు అతుకు. ఎరుపు కుడి, పచ్చ ఎడమ మామూలుగా, కానీ మీటర్ పెట్టి చూసుకునే అతికిస్తా.


బ్రాడీపేట_4వలైన్

నేను ఆరేళ్లలో నాలుగు కేబుళ్ళు గీకి గీకి పాడుచేశాను. గీకకూడదని ఒక్కడూ చెప్పలేదు. నా పాత సోనీది కూడా నీకే పంపుతాను అడ్డా, డబ్బులు తీసుకోవాలి మరి.


పాత_ట్రాన్సిస్టర్

మోడరేటర్ గారూ, మీ హమ్ సంగతి మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. డాక్ అంటే ఏమిటో నిన్ననే మా అబ్బాయిని అడిగి తెలుసుకున్నాను. అయితే బుయ్‌మనే శబ్దం మాత్రం నాకు పాత చుట్టమే, అది 50 హెర్ట్జ్‌ది. మూడు ప్రశ్నలు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే హమ్ ఉంటుందా? డాక్ లోహపు డొక్కు మీద వేలి వెనక భాగం ఆనిస్తే జివ్వుమంటుందా? మీ ఇల్లు ఎప్పటిది?


ఓపెన్‌బ్యాక్

మాస్టారూ... ఛార్జర్ తీస్తే హమ్ పోయింది. ఇన్నేళ్లూ ఇది చూడాలని తోచలేదు, ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది. వేలు పెడితే అవును, చీమలు పాకినట్టు సన్నగా జివ్వుమంటుంది. మెటల్ అంటే అలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఇల్లు తాతగారి కాలంది, పై వాటా.


పాత_ట్రాన్సిస్టర్

అయితే కేబుళ్ళ మీద డబ్బు తగలేయకండి. మీ ఇంట్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, లోపల మూడో తీగ ఉండదు. పాత ఇళ్ళలో చాలాచోట్ల ఇంతే, చూడటానికి మూడు కన్నాలు, పనిచేసేవి రెండు.

ఛార్జర్ లోపల విద్యుత్ చెత్తని వడగట్టడానికి చిన్న కెపాసిటర్లు పెడతారు, ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ ఎర్త్‌కి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ రవ్వంత కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే ఎటూ పోలేక ల్యాప్‌టాప్ డొక్కునే పట్టుకుని 230లో సగం దాకా తేలుతూ ఉంటుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి ప్రాణానికి భయం లేదు, జివ్వుమంటుంది అంతే. అదే యూఎస్‌బీ తీగ వెంట మీ డాక్‌లోకి, అక్కడి నుంచి మీ చెవిలోకి.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరుతో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కొలిపించండి. 230 దగ్గర రావాలి. రాకపోతే మీకు ఎర్త్ లేదు. పెరట్లో గుంత తీసి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి, రాగి తీగో జీఐ తీగో మీ వాటా దాకా లాగాలి. ఎండాకాలం ఆ గుంతలో రోజూ చెంబెడు నీళ్ళు పొయ్యాలి, ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే. ఒక్కటి మాత్రం చేయకండి. హమ్ పోతుందని ఎవరైనా ఎర్త్ పిన్ను కోసెయ్యమంటే ఆ మనిషిని ఇంటికి రానివ్వకండి. హమ్ సంగతి తర్వాత, గీజరు ఉన్న ఇంట్లో అది ప్రాణం మీదికి తెస్తుంది.


బ్రాడీపేట_4వలైన్

నేను మావాడికి 4,000 పెట్టి యూఎస్‌బీ ఫిల్టర్ కొనిపించాను. ఇప్పుడు చెంబెడు నీళ్ళు అంటున్నారు. గ్రాఫులన్నీ గోడకి తగిలించుకుంటాను.


ప్యాసింజర్

ఎక్కడైనా ఒకసారి కలుద్దామా? నాకు నెలకి రెండు ఆదివారాలు ఖాళీ.


ఓపెన్‌బ్యాక్

తప్పకుండా. పార్కులు వద్దు, హారన్లే వినాలి. మా ఇంట్లో వద్దు, ఎర్త్ లేదని ఇప్పుడే తెలిసింది. బ్రాడీపేటలో కలుద్దాం, 4వలైన్ వాళ్ళింట్లో ఏసీ ఉంది. ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి, ఒకరివి ఒకరు విందాం. ఐఈఎంలు మార్చుకునే ముందు టిప్స్ తీసి స్పిరిట్‌తో తుడవాలి, ఆ బాధ్యత మన నర్సు గారిది. మాస్టారికి ఇడ్లీ బాకీ వేరే ఉంది, అది బెజవాడలోనే.


బ్రాడీపేట_4వలైన్

ఏసీ చప్పుడు 38 డెసిబెల్, కొలిచాను. రండి. సాయంత్రం శంకర్ విలాస్ వైపు టిఫిన్.


ఆటోనగర్_అడ్డా

మంగళవారం వెళ్ళొచ్చా. కాగితం మీద గీత వేసిచ్చారు. గీత బాగానే వచ్చి 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు దిగింది, మళ్ళీ కొంచెం లేచింది. రెండు చెవులూ అంతే. చప్పుడు దెబ్బే అన్నారు. పోయింది రాదు, ఉన్నది కాపాడుకో అన్నారు. మూడు ఇయర్‌మఫ్‌లు కొన్నా, ఒకటి నాకు, ఒకటి మేస్త్రీకి, ఒకటి కొత్తగా చేరిన కుర్రాడికి. మేస్త్రీ పెట్టుకోనన్నాడు. కుర్రాడు పెట్టుకుంటున్నాడు.

రాత్రి పాట ఇప్పుడు మూడో గీత దగ్గరే పెడుతున్నా. కీచురాళ్ళు ఉన్నాయి. అలవాటు అవుతుందన్నారు.

ఆదివారం వస్తా. సోల్డరింగ్ ఐరన్ తెస్తా.


పాత_ట్రాన్సిస్టర్

నేను బస్సులో వస్తాను బాబూ, బస్టాండులో కలిస్తే ఇద్దరం కలిసి పోదాం. నాది కుడి చెవి సరిగ్గా లేదు కాబట్టి ఎడమ పక్కన కూర్చో.


నైట్‌డ్యూటీ

ఆదివారం నాకు డ్యూటీ పడింది, స్పిరిట్ మీరే తెచ్చుకోవాలి. నా డబ్బాలో పెద్ద సైజు టిప్స్ ఊరికే పడి ఉన్నాయి, ఒకసారి కూడా వాడలేదు. ఎవరికైనా పనికొస్తాయా?


హాస్టల్_212

నాకు కావాలి అక్కా. ఐఈఎం నిన్ననే వచ్చింది. మధ్యవి జారిపోతున్నాయి. సాయంత్రం కొత్తపేట వచ్చి తీసుకుంటా.